కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని వార్డెన్ సార్ చెప్పినప్పుడు ఎవరి గురించి రాయాలో రెండు రోజులు తేలలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, జ్యోతిబా ఫూలే గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నాకంటే బాగా రాస్తూనే ఉన్నారు. నేను చదివింది భౌతికశాస్త్రం. సెలవుల్లో జహీరాబాద్ వచ్చినప్పుడల్లా పదో తరగతి తమ్ముళ్ళకు రాత్రి స్టడీ అవర్లో విద్యుదయస్కాంతత్వం పాఠం చెబుతుంటాను. ఆ పాఠంలో నాలుగు లైన్లలో ముగిసిపోయే పేరు ఒకటుంది. మైకేల్ ఫారడే. ఆ నాలుగు లైన్ల వెనక ఉన్న మనిషి గురించి రాయాలనిపించింది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. పదో తరగతిలో ఫారడే నియమం నిర్వచనం అడిగితే నేను ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాను. అయస్కాంత అభివాహంలో మార్పు రేటు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడిని. కానీ తీగచుట్టలోకి అయస్కాంతం తోస్తే సూది కదలడం నా కళ్ళతో చూసింది మాత్రం డిగ్రీ రెండో ఏడాదిలో. నేను చదివిన బడిలో గాల్వనామీటర్ లేకపోలేదు. అల్మారాలో ఉండేది, తాళం వేసి. పగిలితే ఎవరు కట్టాలన్నది సమస్య. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడిని నేనే, కాబట్టి అది సరికాదని నాకు చెప్పేవాళ్ళు కూడా లేరు. చదువంటే అంతే కాబోలు అనుకున్నాను.

ఇక కథలోకి వద్దాం.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ నగరం దక్షిణాన న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. తల్లి మార్గరెట్ పెళ్ళికి ముందు ఇళ్ళల్లో పనిమనిషిగా చేసింది. నలుగురు పిల్లల్లో ఇతను మూడోవాడు. ఊరి నుండి బతుకుదెరువు కోసం పట్నం వచ్చిన కుటుంబం అది. గుర్రపు బండ్లు నిలిపే కొట్టంపైన ఉన్న గదుల్లో కాపురం. తండ్రికి తరచూ జబ్బు చేసేది, కొలిమి దగ్గర రోజంతా నిలబడలేకపోయేవాడు. 1801లో ధాన్యం ధరలు బాగా పెరిగినప్పుడు తొమ్మిదేళ్ళ మైకేల్‌కు వారానికి ఒక రొట్టె ఇచ్చేవారు. ఆ ఒక్కటే వారమంతా సర్దుకోవాలి.

చదువు సంగతి ఇంకా కష్టం. మైకేల్‌కు చిన్నప్పుడు ర అక్షరం పలికేది కాదు. అన్న పేరు రాబర్ట్ అయితే వాబర్ట్ అనేవాడట. బడి నడిపే పంతులమ్మకు అది కోపం తెప్పించి, తమ్ముడిని కొట్టడానికి బెత్తం కొనుక్కు రమ్మని అన్న చేతికే పైసలిచ్చిందని చెబుతారు. రాబర్ట్ ఆ నాణేన్ని గోడ అవతలికి విసిరేసి ఇంటికి పోయి తల్లితో చెప్పాడు. తల్లి ఇద్దరినీ ఆ బడి మాన్పించింది. తెలుగు, ఉర్దూ, కన్నడ కలిసిపోయిన మన జహీరాబాద్ మాటతో హైదరాబాద్ కాలేజీకి పోయి మొదటి రోజే నవ్వులపాలైనవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. నేనూ ఒకడిని. అందుకే ఈ ముచ్చట చదివినప్పుడు మైకేల్ కంటే ఆ అన్న రాబర్ట్ నాకు బాగా నచ్చాడు. ఈ కథలో అతను మళ్ళీ వస్తాడు.

చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు. మైకేల్ బడి చదువు అంతటితో సరి. 1804లో, పదమూడేళ్ళప్పుడు, జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర ఇంటింటికీ పేపర్లు చేరవేసే పనికి కుదిరాడు. ఏడాది తర్వాత అదే కొట్టులో పుస్తకాలు బైండింగ్ చేసే పని నేర్చుకోవడానికి చేరాడు. ఏడేళ్ళ ఒప్పందం. రీబో మంచి యజమాని. పిల్లవాడు బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలు కుట్టడంతో ఆగకుండా చదువుతుంటే కసురుకోలేదు. ఒకసారి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం సంపుటం బైండింగ్‌కు వచ్చింది. అందులో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం మైకేల్‌ను పట్టుకుంది. జేన్ మార్సెట్ అనే ఆమె మామూలు జనం కోసం సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్రం పుస్తకం కూడా అక్కడే దొరికింది. చదివినదాన్ని నమ్మి ఊరుకోలేదు. పాత సామాన్ల కొట్టులో గాజు సీసా కొని, పని అయిపోయాక రాత్రిపూట రాపిడితో విద్యుత్తు పుట్టించే చిన్న యంత్రం చేసుకున్నాడు. పుస్తకంలో ఉన్నది నిజమో కాదో తన చేత్తో చేసి చూస్తేనే మనసు ఒప్పుకునేది. ఈ అలవాటు చివరిదాకా పోలేదు.

1810లో తండ్రి చనిపోయాడు. అదే ఏడాది టాటమ్ అనే ఆయన తన ఇంట్లో సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగ్ రుసుము. మైకేల్ దగ్గర ఎక్కడిది? తండ్రిలాగే కమ్మరి పని చేస్తున్న రాబర్ట్ ఇచ్చాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ షిల్లింగులకు ఒక వాక్యం దక్కుతుంది, అంతే. మన ఇళ్ళల్లో కూడా చదువు మానేసి చెరకు కొట్టడానికి పోయిన అన్న ఒకడు ఉంటాడు, తమ్ముడి పరీక్ష ఫీజు కట్టినవాడు.

1812లో రీబో కొట్టుకు వచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ఎంతో పేరున్న శాస్త్రవేత్త. విద్యుత్తుతో సోడియం, పొటాషియం లోహాలను మొదట విడదీసింది ఆయనే. మైకేల్ నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, దాదాపు 300 పేజీల పుస్తకంగా స్వయంగా బైండింగ్ చేశాడు. అంతకుముందే రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఏదైనా పని ఇప్పించమని ఉత్తరం రాస్తే జవాబే రాలేదు. ఈసారి పుస్తకాన్ని డేవీకి పంపించాడు. డేవీ పిలిపించి మాట్లాడాడు కానీ, సైన్సులో తిండి దొరకదు, బైండింగ్ పనే చూసుకోమని సలహా ఇచ్చాడు. కొద్ది నెలలకు ప్రయోగశాలలో సహాయకుడిగా ఉన్నవాడు కొట్లాటలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలా 1813 మార్చి 1న ఫారడేకు ఆ ఉద్యోగం వచ్చింది. వారానికి 25 షిల్లింగులు, మేడపైన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. ప్రతిభ సరే, ఒక ఖాళీ కూడా పడాలి. ఇది కూడా మనకు తెలిసిన సంగతే.

ఆ ఏడాది అక్టోబర్‌లో డేవీ దంపతులతో కలిసి ఐరోపా యాత్రకు బయలుదేరాడు. నెపోలియన్‌తో యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో డేవీ సొంత నౌకరు రానన్నాడు. పారిస్‌లో ఇంకొకరిని పెట్టుకుందాం, అప్పటిదాకా ఆ పనులు కూడా చూడమన్నారు. ఆ ఇంకొకరు చివరిదాకా దొరకలేదు. డేవీ భార్యకు ఫారడేను నౌకరుగా చూడటమే ఇష్టం. భోజనం నౌకర్లతో. జెనీవాలో ఆతిథ్యం ఇచ్చిన ఒక పండితుడు ఫారడేను తమతో పాటు బల్ల దగ్గర కూర్చోబెట్టాలనుకుంటే ఆమె ఒప్పుకోలేదని, చివరికి అతనికి వేరే గదిలో వడ్డించారని అంటారు. ఈ వాక్యం దగ్గర మన హాస్టల్ పాఠకులకు వివరణ అక్కర్లేదు. ఒక దశలో అన్నీ వదిలేసి లండన్ పోయి మళ్ళీ పుస్తకాలు కుట్టుకుందామనుకున్నాడు. కానీ అదే యాత్రలో మొదటి బ్యాటరీ చేసిన వోల్టాను చూశాడు, పారిస్‌లో ఆంపియర్‌ను చూశాడు. ఏడాదిన్నర పాటు డేవీ పక్కన ఉండి పని నేర్చుకున్నాడు. అవమానం, చదువు రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. 1815 ఏప్రిల్‌లో తిరిగి వచ్చారు.

1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్, కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి సూది పక్కకు తిరుగుతుందని ప్రకటించాడు. మన పాఠంలో మొదటి ప్రయోగం ఇదే. ఐరోపా అంతా గగ్గోలు. 1821 సెప్టెంబర్‌లో ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతం నిలబెట్టి, పైనుండి తీగ వేలాడదీసి కరెంటు పంపాడు. తీగ అయస్కాంతం చుట్టూ గుండ్రంగా తిరగసాగింది. మన ఫ్యాను, బోరు మోటారు, మిక్సీ అన్నిటికీ మూలం ఆ గిన్నె. ఆ ఏడాదే సారా బర్నార్డ్‌తో పెళ్ళయింది. పద్నాలుగేళ్ళ బావమరిది జార్జ్ ఆ ప్రయోగం దగ్గర ఉన్నాడని, బావా బావమరుదులు బల్ల చుట్టూ గెంతులు వేశారని చెప్పుకుంటారు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త అలాంటి ఆలోచనే చేస్తున్నాడని ఫారడేకు తెలుసు. అయినా తొందరలో ఆయన పేరు చెప్పకుండా వ్యాసం అచ్చు వేయించాడు. దొంగతనం అన్నారు. వోలాస్టన్ ఆలోచించిన పద్ధతి వేరు, నిజమే. కానీ ఫారడే తప్పు అసలే లేదని కూడా నేను అనలేను. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి అతని పేరు వచ్చినప్పుడు అధ్యక్షుడిగా ఉన్న డేవీయే వ్యతిరేకించాడు. రహస్య ఓటింగులో వ్యతిరేకంగా ఒక్కటే ఓటు పడింది. ఎవరిదో మీరే ఊహించుకోండి. ఇంత జరిగినా ఫారడే జీవితాంతం డేవీని గౌరవంగానే తలచుకున్నాడు.

ఇప్పుడు అసలు ఘట్టం. కరెంటు నుండి అయస్కాంతత్వం వస్తుంటే, అయస్కాంతం నుండి కరెంటు ఎందుకు రాదు? పదేళ్ళు అందరూ వెతికారు. ఫారడే 1825లో చేసి చూసి, ఫలితం లేదని రాసుకున్నాడు. అదే ఏడాది జెనీవాలో కొలాడన్ అనే యువకుడు దాదాపు పట్టుకున్నాడు. తీగచుట్ట, బలమైన అయస్కాంతం, గాల్వనామీటర్ అన్నీ ఉన్నాయి. అయస్కాంతం ప్రభావం నేరుగా సూది మీద పడకూడదని గాల్వనామీటర్‌ను పక్క గదిలో పెట్టాడు. ఇక్కడ అయస్కాంతం తోసి, నడిచి వెళ్ళి చూశాడు. సూది సున్నా మీద ఉంది. అతను నడిచే లోపల సూది కదలడం, వెనక్కి రావడం రెండూ అయిపోయాయి. పక్క గదిలో ఒక్క మనిషిని నిలబెట్టి ఉంటే మన పాఠంలో కొలాడన్ నియమం అని చదువుకునేవాళ్ళం.

1831 ఆగస్టు 29. ఫారడే ఆరు అంగుళాల వెడల్పున్న ఇనుప కడియం చేయించాడు. దానికి ఒక పక్క రాగి తీగ, రెండో పక్క ఇంకో రాగి తీగ చుట్టాడు. మన మోటార్ వైండింగ్ షాపులో దొరికే పూత వేసిన తీగ అప్పట్లో లేదు. వరుసకూ వరుసకూ మధ్య దారం, గుడ్డ వేసుకుంటూ ఓపికగా చుట్టాలి. పుస్తకాలు కుట్టిన చేతులకు ఆ పని కొత్త కాదు. ఒక తీగను బ్యాటరీకి కలపగానే రెండో తీగ దగ్గరున్న సూది ఒక్కసారి ఊగి ఆగిపోయింది. బ్యాటరీ తీసేయగానే మళ్ళీ ఊగింది, ఎదురు దిక్కుకు. మధ్యలో కరెంటు ఎంతసేపు పోయినా సూది కదల్లేదు. అందరూ స్థిరంగా ఉండే కరెంటు కోసం చూస్తూ వచ్చారు. అసలు కిటుకు మార్పులో ఉంది. అక్టోబర్ 17న కాగితం గొట్టం మీద చుట్టిన తీగచుట్టలోకి కడ్డీ అయస్కాంతాన్ని తోశాడు, లాగాడు. కదిలినంతసేపే కరెంటు. అదే నెల 28న పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి, ఆగకుండా వచ్చే కరెంటు పుట్టించాడు. అది మొదటి డైనమో. మన సింగూరు ప్రాజెక్టు దగ్గర మంజీర నీళ్ళతో తిరిగే 2 యూనిట్లు కలిపి 15 మెగావాట్లు ఇస్తాయి కదా, వాటిలో జరిగేది కూడా ఆ పనే. ఇనుప కడియమేమో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ అయింది.

కిందటి సెలవుల్లో మేం ఇది హాస్టల్లో చేశాం. పాత స్పీకరు అయస్కాంతం, వైండింగ్ షాపులో కొన్న సన్న తీగ, ఒక దిక్సూచి. తీగ 200 చుట్లు చుట్టాం. గాల్వనామీటర్ బదులు దిక్సూచి మీదుగా, సూది నిలిచే దిక్కు వెంబడే, 50 చుట్లు వేసి రెంటినీ పొడవాటి తీగలతో కలిపాం. మొదటి రోజు సూది కదల్లేదు. ఎం.ఎస్సీ. చదివి కూడా తీగ కొసల మీది పూత గీకాలన్న సంగతి నాకు తట్టలేదు. తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు బ్లేడు తెచ్చి గీకాడు, వాళ్ళ మామ మోటార్లు బాగు చేస్తాడట. రెండో రోజు ఒకడు వరండా ఈ చివర అయస్కాంతం తోస్తుంటే, ఇంకొకడు ఆ చివర సూది చూస్తూ కదిలింది అని అరిచాడు. కొలాడన్ దగ్గర లేని ఆ రెండో మనిషి మన హాస్టల్లో వంద మంది ఉన్నారు. అయస్కాంతం ఆపితే ఏమవుతుందని అడిగితే ఆ రాత్రి ఎవరూ పుస్తకం తెరవలేదు.

ఫారడేకు ఉన్నత గణితం రాదు. అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుప రజను చల్లితే వచ్చే వంపు గీతలు మీరు చూసే ఉంటారు. ఆయన ఆ గీతలతోనే ఆలోచించాడు. ఖాళీ అనుకునే చోట బలరేఖలు నిండి ఉన్నాయని, తీగ వాటిని ఖండిస్తే కరెంటు పుడుతుందని అన్నాడు. పెద్ద గణితవేత్తలు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. కేంబ్రిడ్జిలో చదివిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పట్టించుకున్నాడు. 1857లో ఫారడే ఆ కుర్రవాడికి ఉత్తరం రాస్తూ, గణితవేత్తలు తమ ఫలితాలను మాలాంటి వాళ్ళకు అర్థమయ్యే మామూలు మాటల్లో కూడా చెప్పలేరా అని అడిగాడు. అప్పటికి ఆయనకు 66 ఏళ్ళు, ప్రపంచమంతా పేరు. తెలియనిది అడగడానికి సిగ్గుపడలేదు. తమ్ముళ్ళారా, దీన్ని పట్టుకుని లెక్కలు మానేస్తామనకండి. బలరేఖలను సమీకరణాలుగా మాక్స్‌వెల్ రాశాకే విద్యుదయస్కాంత తరంగాలున్నాయని తేలింది, తర్వాత హెర్ట్జ్ వాటిని పుట్టించి చూపాడు. మన పక్కనే మాచ్‌నూర్‌లో మన దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియో ఆ తరంగాల మీదనే ఊళ్ళకు చేరింది.

పాఠం చెప్పడం కూడా ఫారడే కష్టపడి నేర్చుకున్నదే. డబ్బు కట్టి ఉచ్చారణ పాఠాలు చెప్పించుకున్నాడు. ఉపన్యాసంలో వేగం పెరిగితే కళ్ళ ముందు పెట్టడానికి, నెమ్మది అని రాసిన అట్టముక్క ఒకటి ఉండేది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. 1827 నుండి 1860 దాకా 19 సార్లు ఫారడేయే వాటిని ఇచ్చాడు. బలమైన అయస్కాంతం ఎంత పట్టుకుంటుందో చెప్పడానికి బొగ్గుల బకెట్, పొయ్యి పుల్లల కోల, పట్టకారు దాని మీదికి విసిరేవాడట. 1836లో 12 అడుగుల గది లాంటి చట్రం కట్టి, చుట్టూ లోహపు తీగలు చుట్టి, బయట నిప్పురవ్వలు ఎగురుతుంటే తాను కొవ్వొత్తి పట్టుకుని లోపల కూర్చున్నాడు. లోపల విద్యుత్తు జాడే లేదు.

1853లో లండన్‌లో ఇంకో వింత నడిచింది. జనం బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే దయ్యాలు వచ్చి బల్లను తిప్పుతున్నాయని చెప్పుకునేవారు. ఫారడే అట్టముక్కలతో ఒక సాధనం చేసి, బల్లను తోస్తున్నది వాళ్ళ చేతులేనని, అది వాళ్ళకే తెలియదని చూపాడు. బాణామతి పేరు చెప్పి మనుషుల్ని కొట్టి పళ్ళు రాలగొట్టిన మన మెదక్ ప్రాంతంలో ఆ సాధనం బొమ్మ ప్రతి బడిలో ఉండాలని నా కోరిక.

1862లో బ్రిటన్‌లో గొప్పింటి పిల్లలు చదివే బడుల మీద ప్రభుత్వం కమిషన్ వేస్తే, సాక్ష్యానికి ఫారడేను పిలిచారు. అలాంటి బడి గడప ఎక్కని మనిషి ఆయన. లాటిన్, గ్రీకు నేర్పి సైన్సు ముట్టుకోకుండా పిల్లల్ని బయటికి పంపడం తనకు వింతగా ఉందని, చిన్న వయసు పిల్లలు కూడా సైన్సు అర్థం చేసుకోగలరని ఆయన చెప్పాడు. తన ఉపన్యాసాలకు వచ్చిన పిల్లలను ఏళ్ళ తరబడి చూసినవాడు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది.

ఎనభై ఏళ్ళ బతుకు కాదు ఆయనది. 1840 ప్రాంతంలో ఆరోగ్యం బాగా దెబ్బతింది, జ్ఞాపకశక్తి తగ్గిపోయింది. కొన్నేళ్ళు పని ఆపేయాల్సి వచ్చింది. అయినా 1845లో మళ్ళీ లేచి, అయస్కాంతం కాంతిని కూడా ప్రభావితం చేస్తుందని కనుక్కున్నాడు. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే కాదన్నాడు. క్రిమియా యుద్ధంలో విషవాయువుల తయారీకి సహకరించనన్నాడు. పిల్లలు లేరు. ఆఖరి రోజుల్లో చేసిన ప్రయోగమే మళ్ళీ చేసేంత మతిమరుపు వచ్చింది. 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మినిస్టర్‌లో చోటు ఉన్నా అక్కర్లేదని ముందే చెప్పాడు. హైగేట్ శ్మశానంలో మామూలు రాయి కింద ఉన్నాడు.

దారం, గుడ్డ పేలికలు బయటికి కనిపిస్తూ ఆ ఇనుప కడియం ఇప్పటికీ లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే ఉంది. మన తీగచుట్ట, స్పీకరు అయస్కాంతం స్టడీ హాలు కిటికీ పక్క అరలో ఉన్నాయి. తాళం లేదు, ఎవరైనా తీసి చేసుకోవచ్చు. దిక్సూచి మాత్రం కనిపించడం లేదు. తీసుకున్న తమ్ముడు ఎవరైనా సరే, చూడటం అయ్యాక మళ్ళీ అక్కడ పెట్టగలడు. పదో తరగతి వాళ్ళకు ఆ పాఠం ఇంకా కాలేదు.